అడుగులు లెక్కించు ఫోను

జ్వరము చూచుటకు థర్మామీటరు, బరువు చూచుటకు త్రాసు ఉన్నట్లే, నడకను కొలుచుటకు నేడు పలువురి జేబులలో ఒక సాధనము ఉన్నది. అదియే మొబైల్ ఫోను. రోజునకు ఎన్ని అడుగులు వేసితిమో అది చూపును. అంతమాత్రమున మన బరువు తగ్గునా? ఆరోగ్యము బాగుపడునా? దీనిని విచారించుటకు ముందు ఆ లెక్క ఎట్లు జరుగుచున్నదో తెలిసికొనవలెను.

ఫోనులో త్వరణమాపకము అను పరికరము కలదు. అందులో మిక్కిలి చిన్నదగు సిలికాను ముక్క, స్ప్రింగులవలె వంగు సన్నని పట్టీలపై నిలిచియుండును. దాని ప్రక్కల స్థిరమైన పలకలుండును. ఫోను కదలినప్పుడు జడత్వమువలన ఆ ముక్క కొంచెము వెనుకబడును. అప్పుడు దానికి, పలకలకు మధ్యనున్న దూరము మారును. ఈ అమరిక కండెన్సరు వంటిది గనుక, దూరముతోపాటు దాని కెపాసిటియు మారును. ఆ మార్పునుబట్టి త్వరణము తెలియును.

నడచునప్పుడు శరీరము అడుగడుగునకు పైకి, క్రిందికి ఊగును. త్వరణమును గ్రాఫుగా గీచినచో క్రమమైన అలలు కనబడును. ఫోను ఆ అలలను అడుగులుగా లెక్కించును. ఫోనును చేతబట్టి లయగా ఊపినను అడుగులు పెరుగుట ఇందువలననే. బల్లపై వదలి నడచినచో ఒక్క అడుగైనను చేరదు.

ఇక శక్తి లెక్క చూతము. 60 కిలోల మనిషి ఒక కిలోమీటరు నడచుటకు సుమారు 45 కిలోకెలొరీలు ఖర్చగును. 10,000 అడుగులు రమారమి 7 కిలోమీటర్లు. అనగా 300 కిలోకెలొరీలకు కొంచెము పైన. 100 గ్రాముల బియ్యము వండిన అన్నములో సుమారు 350 కిలోకెలొరీలు కలవు. కాబట్టి నడకను మాత్రమే లెక్కించి, కంచమును మరచినచో ప్రయోజనము స్వల్పము. ఫోను అడుగును పసిగట్టును గాని ముద్దను పసిగట్టలేదు.

అమెరికాలో 471 మంది యువజనులపై జరిపిన పరిశోధన 2016లో వెలువడినది. అందరికిని ఆహార, వ్యాయామ నియమములు బోధించిరి. ఆరు నెలల పిమ్మట ఒక వర్గమునకు కదలికను కొలుచు పట్టీ నిచ్చిరి. రెండవ వర్గమువారు తమ వివరములను తామే నమోదు చేసికొనిరి. రెండేండ్లకు పట్టీ ధరించినవారు సగటున 3.5 కిలోలు తగ్గగా, ధరింపనివారు 5.9 కిలోలు తగ్గిరి. కొలత సాధనము చేతికి వచ్చినంతనే బరువు తగ్గదని దీనివలన తెలియుచున్నది.

మన దేశపు అనుభవము మరియొక విషయము చెప్పుచున్నది. దక్షిణ భారతములో 537 మంది ఉద్యోగులగు పురుషులపై జరిపిన పరిశోధన 2013లో వెలువడినది. వీరికి మధుమేహము లేదు గాని, రక్తములోని గ్లూకోజు హద్దు మీరుచుండెను. అందరికిని మొదట సలహాలిచ్చిరి. ఒక వర్గమునకు మాత్రము తిండి, వ్యాయామములనుగూర్చి ఫోనులో చిన్న సందేశములు పంపుచుండిరి. రెండేండ్లలో సందేశములు అందినవారిలో నూటికి 18 మందికి, అందనివారిలో నూటికి 27 మందికి మధుమేహము వచ్చినది. చిత్రమేమనగా, ఇరువర్గముల బరువులో చెప్పుకొనదగిన భేదము లేదు. సందేశములు అందినవారు ఆహార నియమమును మెరుగుగా పాటించిరి. త్రాసు ముల్లు కదలకున్నను మంచి అలవాటు వృథా కాదన్నమాట.

2023లో ప్రచురితమైన అంచనా ప్రకారము మన దేశములో మధుమేహము గలవారు 10 కోట్లకు పైబడిరి. ఇట్టి స్థితిలో ఖరీదైన పరికరముకన్న, మరపు రాకుండ చేయు చిన్న హెచ్చరిక విలువైనది కావచ్చును.

ఉపాధ్యాయులు ఈ ప్రయోగము చేయింపవచ్చును. ఒక విద్యార్థి ఫోను జేబులో నుంచుకొని, నోటితో లెక్కించుచు 100 అడుగులు వేయవలెను. పిదప ఫోనును సంచిలో ఉంచి, మెల్లగా నడచి, తిరిగి లెక్కింపవలెను. ప్రతిసారి దోషమును శాతములలో వ్రాయవలెను. ఒక్క హెచ్చరిక: ఎదుగు వయసువారు ఫోను చూపు కెలొరీలను నమ్మి తిండి తగ్గించుకొనరాదు. బరువునుగూర్చి సందేహము కలిగినచో వైద్యుని అడుగవలెను. ఫోను లెక్క చెప్పును; నడువవలసినది, మితముగా తినవలసినది మనమే.