నివురుగప్పిన తీపి

శరదృతువు అనగానే మన కవులకు వెన్నెల స్ఫురిస్తుంది; రెల్లుపూలు, తేటపడిన ఏటినీరు స్ఫురిస్తాయి. విశాఖపట్టణవాసులకు మాత్రం ఆశ్వయుజమాసం ఒక చేత దసరా పండుగను, మరొక చేత తుఫాను హెచ్చరికను పట్టుకొని వస్తుంది. ఆ దినాలలో మా పూర్ణా మార్కెట్టుకు వెళితే గుమ్మడికాయలు గుట్టలుగా పోసి ఉంటాయి.

ఆ గుట్టలు రెండు రకాలు. ఒకటి బూడిదగుమ్మడి. ఆయుధపూజనాడు లారీలముందు, యంత్రాలముందు, దుకాణాల గడపలముందు కుంకుమ పూసుకొని పగిలేది ఇదే. రెండవది వంటింటి గుమ్మడి. పండితే లోపల సిందూరపు రంగు తిరిగే తీపికాయ. సంస్కృతంలో కూష్మాండమన్నది మొదటిదానినే. వైద్యుల కూష్మాండ లేహ్యానికి ఆధారమూ అదే. రెండవదాని పుట్టినిల్లు మన దేశం కాదు. మిరప, మొక్కజొన్న, జామ, బంగాళాదుంపలవలె అదికూడ అమెరికా ఖండంలో పుట్టినది. 1492లో కొలంబసు ఆ తీరం చేరిన తరువాతనే ఓడలెక్కి సముద్రాలు దాటింది. అయినా తెలుగువాడు దానిని పరాయిదానిగా చూడలేదు. ఇంటి పేరు ఇచ్చినాడు. నేడు ఉత్త ‘గుమ్మడి’ అంటే వంటింటిదే. రెండవదాన్ని చెప్పవలసివస్తే ‘బూడిద’ అన్న విశేషణం చేర్చవలసిందే. అన్ని దేశాల ఓడలూ వచ్చి ఆగే రేవుపట్టణంలో ఉండేవారికి ఈ ఆతిథ్యం వింతగా తోచదు.

రేవు ఎంతో మా ఊరికి నిప్పూ అంతే. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో ప్రజలు ఉద్యమించగా, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారంలో ఇనుము కరిగించే బ్లాస్టు ఫర్నేసులు మూడు. వాటి పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. కొలిమికి అన్నపూర్ణ అని పేరు పెట్టినవారెవరో గాని, వారికి పొయ్యి విలువ తెలుసు. అయితే నేను చెప్పబోయేది అంత పెద్ద కొలిమి కథ కాదు. ఒక చిన్న కుంపటి కథ.

గుమ్మడిపండుతో మనవారు పులుసు పెడతారు, దప్పళంలో వేస్తారు, హల్వా చేస్తారు. కాల్చి చేసే తీపి అరుదు. కాని పైనా కిందా నిప్పులు పెట్టి దిబ్బరొట్టె కాల్చే విద్య తెలుగు ఇళ్ళలో పాతదే. మా అమ్మగారు ఆ విద్యను గుమ్మడికి అన్వయించి, ఏటా శరత్కాలంలో ఒకసారి గుమ్మడి రొట్టె చేసేవారు. నేను తినడమే గాని, చేసే విధం చూచినవాడను కాను. చూడవలసిన రోజు ఒకటి వచ్చింది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను తిన్నగా మా ఊరిమీదనే తీరం దాటింది. మా కిటికీల అద్దాలు పగిలినాయి. సాయంత్రానికి మా వీధిలో నిలిచిన చెట్టు లేదు. మరునాడు చూస్తే కొండలు, కార్చిచ్చు ఆకులను కాల్చివేసినట్లు, పచ్చదనం పోయి నిలబడి ఉన్నాయి. దీపం లేదు, కుళాయి లేదు, టెలిఫోను లేదు, పాలు లేవు. మేమున్న భవనంలో పన్నెండు కుటుంబాలు. ఉన్న గ్యాసును ప్రతివారూ అన్నానికి దాచుకొంటున్నారు.

మూడవనాడు సాయంత్రం పిల్లలందరూ మేడమీద చేరినారు. ఎదురింటి పాప ఒకతె, “మామ్మగారూ, గాలి మళ్ళీ వస్తుందా?” అని మా అమ్మగారిని అడిగింది. అప్పటికి ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆ పిల్లకు జవాబు చెప్పలేదు. నావైపు తిరిగి, అటకమీద గుమ్మడికాయ దించమన్నారు.

“ఈ సమయంలో తీపివంట ఏమిటమ్మా?” అన్నాను.

“ఇదేరా నాన్నా సమయం. తాజావన్నీ పోయినాయి. నిలవ ఉన్నవే ఇప్పుడు మనవి.”

నిజమే. బాగా ముదిరిన గుమ్మడి, తొడిమ ఊడకుండా ఉంటే, నెలల తరబడి నిలుస్తుంది. డబ్బాలో అనకాపల్లి బెల్లం ఉన్నది, రవ్వ ఉన్నది. కొబ్బరికాయలంటారా, వీధినిండా రాలినవే. బొగ్గులు మాత్రం లేవు. వీధి చివర ఇస్త్రీబండి పెట్టుకొని బ్రతికే ఆమెను అడిగినాను. గాలికి ఆమె బండి విరిగిపోయింది. గోనెసంచిలో మిగిలిన బొగ్గులను, డబ్బు పుచ్చుకోకుండా, నా చేతికిచ్చింది.

అమ్మగారు చెప్పగా చేసిన విధం ఇది. ఆసక్తి గలవారు చేసి చూడవచ్చును. అరకిలో గుమ్మడి కోరుకు పావుకిలో బొంబాయి రవ్వ, పావుకిలో బెల్లం, ఒక చిప్ప కొబ్బరి కోరు, నాలుగు ఏలకులు, నాలుగు చెంచాల నెయ్యి, చిటికెడు ఉప్పు. గుమ్మడి కోరును నేతిలో పచ్చివాసన పోయేదాకా మగ్గించి బెల్లం వేయాలి. బెల్లం కరిగిన తరువాత దించి, దోరగా వేయించిన రవ్వ, కొబ్బరి, ఏలకులపొడి, ఉప్పు కలపాలి. పిండి గరిటజారుగా లేకపోతే కొద్దిగా నీరు పోయవచ్చును. గంటసేపు నానితే రవ్వ నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది. అప్పుడే రొట్టె లోపల మెత్తగా ఉంటుంది. ఆపైన నెయ్యి రాసిన దళసరి గిన్నెలో పోసి, కుంపటిమీద పెట్టి, పెనం మూతగా వేసి, దానిమీద నిప్పులు పరచాలి.

ఆ నిప్పులవద్దనే నా చదువు బయటపడింది. నేను విసనకర్రతో విసిరి, కణకణలాడే బొగ్గులను పట్టుకారుతో పెనంమీదికి ఎత్తబోయినాను.

“ఆగు. ఆ నిప్పు కాదు. నివురుగప్పనియ్యి” అన్నారు అమ్మగారు.

అప్పటికి పదిహేనేళ్ళుగా ఆ మాటను తరగతిలో పాఠం చెబుతున్నాను. నివురుగప్పిన నిప్పు అనగా అణగి ఉన్న కోపమనీ, బయటపడని ప్రతాపమనీ విద్యార్థులచేత వ్రాయించినాను. వ్రాసినవారికి మార్కులు వేసినాను. అది వంటింట్లో ఒక వేడికి పేరని ఎరుగను. మండే బొగ్గు పైపొరను మాడ్చి లోపలిదానిని పచ్చిగా వదులుతుంది. అందులోనూ బెల్లం ఇట్టే మాడే వస్తువు. బూడిదపొర కప్పిన బొగ్గుకు గాలి కొద్దిగానే తగులుతుంది. అది నిదానంగా కాలుతూ, సమమైన వేడిని చాలాసేపు ఇస్తుంది. ఆ మాటలో కోపం ఎంత ఉన్నదో ఓర్పు అంత ఉన్నది. నేను మొదటి సగమే పాఠం చెప్పినాను.

నివురు పట్టేదాకా కూర్చున్నాము. శరదాకాశం నిర్మలమని పుస్తకాలలో చదివినదే గాని, దీపాలు లేని విశాఖమీద నక్షత్రాలను ఆ రాత్రే చూచినాను. ముప్పావుగంటకు వాసన మెట్లవెంట దిగిపోయింది. ఒక్కొక్క వాకిలినుండి ఒక్కొక్క కొవ్వొత్తి పైకి వచ్చింది. అమ్మగారు పుల్ల గుచ్చి చూచినారు. తడి అంటలేదు. మొదటి ముక్క విడిగా తీసి ఇస్త్రీబండి ఆమెకు పంపినారు. తరువాత పిల్లలకు. ఎదురింటి పాప తన ముక్క తిని, గాలి మాట మరి ఎత్తలేదు. ఇంకొకటి ఉన్నదా అని అడిగింది.

అమ్మగారు నేడు లేరు. నేను ప్రతి శరత్తులోను ఆ రొట్టె చేస్తాను. ఇప్పుడు విద్యుత్తు ఓవెనులో, 180 డిగ్రీల వేడిలో, ముప్పావుగంట. బాగానే వస్తుంది. కళాశాలకు తీసుకువెళ్ళి, ముక్కలు పంచేముందు ‘నివురు’ అంటే ఏమిటని విద్యార్థులను అడుగుతాను. నిఘంటువులోని అర్థం చెప్పగలవారు ప్రతి ఏడూ నలుగురైదుగురు ఉంటారు. ఉపాధ్యాయ మిత్రులుకూడ అడిగి చూడవలెనని నా మనవి. కిందటి ఏడు వెనుక బల్లమీద కూర్చునే ఒక అమ్మాయి లేచి, “మా అమ్మమ్మ చిలగడదుంపలు పాతిపెట్టేది అందులోనేనండీ” అన్నది.

ఆమెకు రెండు ముక్కలు ఇచ్చినాను.