స్పీకర్ వెనక గాలి

పెట్టె లేని 8 అంగుళాల స్పీకర్‌ను చేత్తో పట్టుకుని పాట పెట్టండి. గొంతు వినిపిస్తుంది, తాళాలు వినిపిస్తాయి, డోలు దెబ్బ మాత్రం ఎటుపోయిందో తెలియదు. అదే స్పీకర్‌ను తీసుకెళ్లి మట్టికుండ మూతి మీద కూర్చోబెడితే పోయిన దెబ్బ తిరిగొస్తుంది. ఆంప్లిఫయర్ అదే, పాట అదే, వాట్లూ అవే. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని ఉదయగిరి, ఆత్మకూరు వైపు పల్లెలకే కాదు, తెలుగునాట చాలా ఊళ్లకు టేప్‌రికార్డర్ల కాలం నుంచి తెలిసిన కిటుకు ఇది. తక్కువ డబ్బుతో ఇంట్లో మంచి స్టీరియో అమర్చుకోవాలనుకునేవాళ్లు ముందుగా అర్థం చేసుకోవలసింది కూడా ఇదే.

ఇంతకీ ఆ డోలు దెబ్బ ఎటుపోయింది?

కాగితపు కోను, దాని మెడకు తీగచుట్ట, చుట్ట చుట్టూ అయస్కాంతం. 1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ స్పీకర్‌కు ఇచ్చిన రూపం ఇది. ఈరోజు ఆటోలో, ట్రాక్టర్ మీద, టీవీలో మోగేది కూడా దాదాపు అదే. కోను ముందుకు కదిలితే ముందున్న గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. అంటే ప్రతి స్పీకరూ ఒకేసారి రెండు శబ్దాలు పుట్టిస్తుంది. రెండూ సమానమే, కానీ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ముందు ఒత్తిడి పెరిగినప్పుడు వెనక తగ్గుతుంది.

5,000 హెర్ట్జ్ దగ్గర శబ్ద తరంగం పొడవు 7 సెంటీమీటర్లకు మించదు. అది కోను ముందుకు సూటిగా పోతుంది, వెనక్కి తిరిగి చూడదు. 50 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సుమారు 7 మీటర్లు. అంత పొడవైన తరంగానికి 20 సెంటీమీటర్ల స్పీకర్ అడ్డమే కాదు. వెనక పుట్టిన పలచదనం అంచు చుట్టూ తిరిగి ముందుకొచ్చి, ముందున్న ఒత్తిడిని చెరిపేస్తుంది. కోను ఊగుతూనే ఉంటుంది, చెవికి మాత్రం ఏమీ చేరదు. ఒక అట్టకు స్పీకర్ అంత రంధ్రం చేసి, దాని వెనక స్పీకర్‌ను ఆనించి చూడండి. అంచు దూరమైనకొద్దీ బేస్ పెరగడం అక్కడికక్కడే వినిపిస్తుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో వ్యతికరణం పాఠం చెప్పే మాస్టారికి ఇంతకంటే చవకైన ప్రయోగం దొరకదు.

కుండ చేసే పని వెనక శబ్దాన్ని లోపలే బంధించడం. అయితే కుండకు ఇంకో గొప్పతనం కూడా ఉంది. ఆర్‌సీఏ కంపెనీలో హ్యారీ ఓల్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఘనం, స్తూపం, శంకువు, గోళం ఇలా రకరకాల ఆకారాల్లో పెట్టెలు చేసి, వాటన్నింటిలో ఒకే స్పీకర్‌ను బిగించి కొలిచాడు. 1951లో ప్రచురించిన ఫలితాల్లో అన్నింటికంటే నునుపైన శబ్దం గోళానిది. పదునైన అంచులున్న పెట్టెలో శబ్దం ఆ అంచుల దగ్గర విరిగి, మళ్లీ కొత్తగా పుట్టినట్టు బయల్దేరి, అసలు శబ్దంతో కలిసి గందరగోళం చేస్తుంది. గోళానికి అంచే లేదు. పైగా వంపు తిరిగిన గోడ అదే మందమున్న బల్లపరుపు గోడకంటే గట్టిగా నిలబడుతుంది, తనంతట తాను వణకదు.

లోపలి సంగతి మాత్రం వేరు. బయటికి అంత మంచిదైన గోళం లోపల చెడ్డది. గోడలన్నీ మధ్య నుంచి ఒకే దూరంలో ఉండడంతో ప్రతిధ్వనులన్నీ కొన్ని పౌనఃపున్యాల దగ్గరే పోగుపడతాయి. ఉత్త కుండ మీద స్పీకర్ పెట్టినప్పుడు గాయకుడు బావిలోంచి పాడినట్టు ఉండేది అందుకే. దీనికి మందు దూది. బూరుగు దూదినో పాత దిండులోని దూదినో వదులుగా నింపితే ప్రతిధ్వని చల్లారుతుంది. అంతేకాదు, దూది పోగులు గాలి వేడిని కాస్త పీల్చి, కాస్త వదులుతూ ఉంటాయి కాబట్టి లోపలి గాలి మరింత మెత్తని స్ప్రింగులా పనిచేస్తుంది. అంటే కుండ ఉన్నదానికంటే కొంచెం పెద్దదైనట్టే లెక్క.

వెనక శబ్దాన్ని ఇలా బంధించి వృథా చేయడం దేనికని అడిగినవాడు బెల్ లేబొరేటరీస్‌లోని ఆల్బర్ట్ తురాస్. పెట్టెకు ఇంకో రంధ్రం చేసి, అందులో గొట్టం అమర్చి, 1932లో పేటెంటు పొందాడు. పెట్టెలోని గాలి స్ప్రింగు, గొట్టంలోని గాలి దానికి వేలాడే బరువు. రెండూ కలిసి ఒక పౌనఃపున్యం దగ్గర అనునాదం చేస్తాయి. ఘటం వాయించే విద్వాంసుడు మూతిని పొట్టకు ఆనించి స్థాయిని దించేది కూడా ఈ సూత్రంతోనే. జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే దీన్ని లెక్కకట్టాడు. తురాస్ తెలివంతా ఒక్క విషయంలో ఉంది. అనునాదం దగ్గర గొట్టంలోని గాలి వెనక శబ్దాన్ని తలకిందులు చేసి బయటికి పంపుతుంది. ఇందాకటిదాకా ముందు శబ్దాన్ని చెరిపేసిన శత్రువు ఇప్పుడు దానికి తోడు నిలుస్తుంది. ఆ పౌనఃపున్యం దగ్గర కోను దాదాపు కదలదు, శబ్దమంతా గొట్టంలోంచే వస్తుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇది ఆశ్చర్యం కలిగించే విషయమే.

లెక్క కూడా చేతికందేదే. 20 లీటర్ల కుండకో పెట్టెకో 5 సెంటీమీటర్ల లోపలి వ్యాసం, 10 సెంటీమీటర్ల పొడవు ఉన్న పీవీసీ పైపు బిగిస్తే అనునాదం సుమారు 46 హెర్ట్జ్. బేస్ గిటార్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్ కాబట్టి దానికి దగ్గరికి వచ్చినట్టే. పైపును సగానికి కోస్తే 58కి పెరుగుతుంది. నల్లా పైపు ముక్కతో ఇంత పని జరుగుతుంది.

1954లో ఎడ్గార్ విల్చర్ దీనికి ఎదురు నిలిచాడు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతుండగా తన విద్యార్థి హెన్రీ క్లాస్‌తో కలిసి అకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టాడు. రంధ్రం వద్దు, పెట్టెను పూర్తిగా మూసెయ్యాలి అన్నాడు. స్పీకర్ అంచును వదులుగా చేసి, కోనును వెనక్కి లాగే పనిని బిగించిన గాలికే అప్పజెప్పాడు. గుడ్డ అంచుల బిగువుకంటే గాలి బిగువు క్రమంగా ఉంటుంది కాబట్టి శబ్దం వంకర పోదు. ఏఆర్-1 అనే ఆ చిన్న పెట్టె ఇచ్చిన బేస్‌కు అప్పటిదాకా బీరువాలంత పెట్టెలు కావలసి వచ్చేవి.

గెలుపు ఉచితంగా రాలేదు. విల్చర్ పెట్టెకు పెద్ద ఆంప్లిఫయర్ కావాలి. క్లాస్ తర్వాత పెట్టిన కేఎల్‌హెచ్ కంపెనీలో భాగస్వామి జోసెఫ్ ఆంటన్ హాఫ్‌మన్ ఈ బేరాన్ని ఒక నియమంగా చెప్పాడు. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ కరెంటుతో ఎక్కువ శబ్దం: ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి. అరచేతిలో పట్టే పెట్టెలో సినిమా హాలు బేస్ ఉందని చెప్పే ప్రకటనను ఈ నియమం ముందు నిలబెట్టి చూడాలి.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, 1970లలో రిచర్డ్ స్మాల్ గొట్టం పెట్టెలను ఊహల నుంచి లెక్కల్లోకి తెచ్చారు. స్టీరియో ఆలోచన అంతకుముందే పుట్టింది. సినిమాలో నటుడు తెర ఈ చివర నుంచి ఆ చివరకు నడిచినా గొంతు ఒక్కచోటే ఉండడం నచ్చక, ఇంగ్లండులో ఆలన్ బ్లమ్లైన్ 1931లోనే పేటెంటుకు దరఖాస్తు చేశాడు. స్టీరియో రికార్డులు దుకాణాలకు వచ్చేసరికి 1958. ఆయన ఆ రోజు చూడలేదు. 1942లో రాడార్‌ను పరీక్షిస్తుండగా విమానం కూలి, 38 ఏళ్లకే చనిపోయాడు.

ఇక ఉదయగిరి ఇంటికి వద్దాం. ఆంప్లిఫయర్ ఇప్పుడు ఖర్చే కాదు. క్యాసెట్ల కాలంలో రేడియో షాపుల బోర్డులను ఏలిన ఎల్‌ఏ4440 చిప్పు ఛానల్‌కు 6 వాట్లు ఇచ్చేది. కారు బ్యాటరీ మీద నడిచేది కాబట్టి కరెంటు పోయినా పాట ఆగేది కాదు. ఇప్పుడు టీపీఏ3116 బోర్డు వెయ్యి రూపాయల లోపే వస్తుంది. తీసుకున్న కరెంటులో అధిక భాగం స్పీకర్‌కే పంపుతుంది, అంతగా వేడెక్కదు. నెల్లూరులో దొరక్కపోతే చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో ఖాయంగా దొరుకుతుంది. పెట్టె మీద ముద్రించిన వేల వాట్ల పీఎంపీఓ లెక్కలు నమ్మవద్దు. 12 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టర్‌లోంచి 24 వాట్లకు మించి ఏ చిప్పూ నిలకడగా తీసుకోలేదు. శక్తి నిత్యత్వ నియమం షాపులో కూడా వర్తిస్తుంది. దానికి బదులు స్పీకర్ సామర్థ్యాన్ని చూపే డెసిబెల్ అంకెను అడగాలి. 87 డెసిబెల్ స్పీకర్‌కు 20 వాట్లు పెట్టి తెచ్చే శబ్దాన్ని 90 డెసిబెల్ స్పీకర్ 10 వాట్లతోనే ఇస్తుంది.

అందుకే డబ్బులో పెద్ద వాటా స్పీకర్లకు, తర్వాతిది పెట్టెలకు, మిగిలింది ఆంప్లిఫయర్‌కు. ఉదయగిరి కొయ్య గరిటెలకు పేరున్న ఊరే అయినా, పెట్టెకు పనికొచ్చేది ఆ గరిటెల కొయ్య కాదు. అసలు కొయ్య ఎండకు వంగుతుంది, పగులుతుంది, గాలి జారిపోతుంది. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌గానీ మంచి ప్లైవుడ్‌గానీ మేలు. స్పీకర్‌తో థీల్, స్మాల్ లెక్కల కాగితం రాకపోతే గొట్టం జోలికి పోవద్దు. కొలత తప్పిన గొట్టం పాటంతటికీ ఒకే దబదబ తెస్తుంది, అనునాదం కింద కోనును అదుపు లేకుండా ఊపి కాయిల్‌ను దెబ్బతీస్తుంది. విల్చర్ దారిలో మూసేసిన పెట్టె చిన్న చిన్న తప్పులను క్షమిస్తుంది. ఆరున్నర అంగుళాల స్పీకర్‌కు 12 నుంచి 15 లీటర్లు ఉజ్జాయింపుగా సరిపోతుంది. కోనును మెల్లగా నొక్కి వదిలినప్పుడు నిదానంగా వెనక్కి వస్తే పెట్టె బిగువుగా ఉన్నట్టు.

కడప బండలు పరిచిన గదిలో శబ్దం గోడ నుంచి గోడకు తుళ్లుతుంది. ముందు నేల మీద ఒక బొంత పరచండి. స్పీకర్లను మూలలకు నెట్టకండి, మూల బేస్‌ను ఉబ్బిస్తుంది. రెండు స్పీకర్లు, వినే మనిషి మూడు సమాన భుజాల త్రిభుజంలో ఉండాలి. చివరిగా, తీగలు బిగించే ముందు 1.5 వోల్టుల సెల్లును ఒక్క క్షణం రెండు స్పీకర్లకూ ఒకే తీరులో తాకించి చూడండి. రెండు కోనులూ బయటికే రావాలి. ఒకటి లోపలికి పోతే దాని తీగలు తారుమారు చేయండి. లేకపోతే ఒక స్పీకర్ పుట్టించిన బేస్‌ను రెండోది చెరిపేస్తుంది.