మీకు తెలుసా? సింకు వాసనను ఆపేది గ్లాసెడు నీళ్లే!

సింకు కింద గొట్టం వంపు తిరిగి ఉండటానికి కారణం ఉంది. ఆ వంపులో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉంటాయి. మురుగు గొట్టంలోని గాలిని వంటింట్లోకి రాకుండా ఆపేది అవే. లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమింగ్ 1775లోనే మరుగుదొడ్డికి ఇలాంటి వంపు గొట్టం పెట్టి పేటెంటు తీసుకున్నారు.

మన అద్దె ఫ్లాట్లలో చాలాచోట్ల ఆ వంపే ఉండదు. ముడతల ప్లాస్టిక్ పైపును సింకు నుంచి నేరుగా నేలలోని రంధ్రంలోకి దించేస్తారు. చుట్టూ మిగిలిన సందులోంచి కుళ్లిన కోడిగుడ్డు కంపు, అంటే హైడ్రోజన్ సల్ఫైడ్, పైకి వస్తుంది. బొద్దింకలకూ అదే దారి. కాబట్టి ముందు చూడాల్సింది ఆ సందునే. పైపు సైజుకు సరిపడే రబ్బరు రింగు హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. గోడ పగలగొట్టే పనీ లేదు, ఓనరుగారిని బతిమాలే పనీ లేదు.

వంపు గొట్టానికి బదులు సీసాలాంటి బాటిల్ ట్రాప్ ఉంటే కింద బకెట్ పెట్టి, అడుగు మూతను చేత్తో తిప్పి ఊడదీయండి. గంజి, జిడ్డు, మెతుకులు కలిసిన మడ్డంతా అక్కడే పేరుకుంటుంది. వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే నురగ బాగానే వస్తుంది కానీ, రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. బ్రష్‌తో తోమడమే నయం. బ్లీచింగు, యాసిడ్ మాత్రం ఎన్నడూ కలపొద్దు, విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది.

వేసవి సెలవులకు ఊరెళ్తే వంపులోని నీళ్లు ఆవిరైపోతాయి. బయల్దేరే ముందు చెంబెడు నీళ్లు పోసి, పైన చెంచాడు వంటనూనె వేస్తే అంత త్వరగా ఎండిపోవు.