సీమ నుంచి కరీబియన్ ఓడ దాకా: అపోహలు – వాస్తవాలు

కర్నూలు, కడపల్లో ఎండలు ముదిరే వేళకు అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి బయలుదేరే అమ్మానాన్నలు ఏటా కనిపిస్తూనే ఉంటారు. వెళ్లినవాళ్లకు నయాగరా, వాషింగ్టన్ చూపించడం మామూలైపోయింది. ఇప్పుడు పిల్లలు మయామీ నుంచో, టెక్సాస్‌లోని గాల్వెస్టన్ నుంచో కరీబియన్ క్రూజ్‌కు టికెట్లు తీస్తున్నారు. అయిదారు రోజులు ఓడలోనే కాపురం. మధ్యలో రెండు మూడు దీవుల దగ్గర ఓడ ఆగుతుంది. దిగి ఊరు చూసి సాయంత్రానికి తిరిగి ఎక్కాలి. ఆ దిగి చూసొచ్చే యాత్రనే షోర్ ఎక్స్‌కర్షన్ అంటారు.

తొలిసారి వెళ్లే మనవాళ్ల మాటలు వింటే ఒక సంగతి తెలుస్తుంది. ఓడ ఊగుతుందని, తిండి దొరకదని, ఈత రాదని భయపడతారు. వీటికి అంత భయం అక్కర్లేదు. కాగితాలు, గడియారం, ఎండ, మందుల విషయంలో మాత్రం ధీమాగా ఉంటారు. జాగ్రత్త పడవలసింది అక్కడే.

అపోహ: "అమెరికాలోనే ఎక్కి అమెరికాలోనే దిగుతాం కదా, పాస్‌పోర్ట్‌తో పనేముంది?"

వాస్తవం: బయలుదేరిన రేవుకే తిరిగొచ్చే ఓడల్లో జనన ధ్రువపత్రం, ఫొటో గుర్తింపు కార్డుతో వెళ్లిరాగలిగే వెసులుబాటు అమెరికా పౌరులకు మాత్రమే ఉంది. మన పాస్‌పోర్ట్‌తో వెళ్లినవాళ్లకు ఓడ అమెరికా జలాలు దాటి పరాయి రేవును తాకితే దేశం దాటినట్టే లెక్క. తిరిగి రావడమంటే మళ్లీ అమెరికాలో అడుగుపెట్టడమే. కాబట్టి పాస్‌పోర్ట్, తిరిగొచ్చే నాటికి గడువున్న మల్టిపుల్ ఎంట్రీ వీసా చేతిలో ఉండాలి. ఓడ ఆగే ప్రతి దేశం నియమమూ వేరుగా చూసుకోవాలి. అమెరికా వీసా ఉన్నవాళ్లకు మెక్సికో వేరే వీసా అడగదు. ఒక దేశంలో చెల్లిన సడలింపు పక్క దేశంలో చెల్లుతుందని అనుకోకూడదు. టికెట్ కొనకముందే క్రూజ్ కంపెనీని రాతపూర్వకంగా అడగడం మేలు. కాగితం సరిగా లేకపోతే రేవులోనే ఆపేస్తారు, డబ్బు కూడా తిరిగి రాకపోవచ్చు.

అమ్మానాన్నల కాగితాలు చూసే హడావుడిలో పిల్లలు తమ కాగితాలు మరిచిపోతుంటారు. హెచ్-1బి మీద పనిచేసేవారి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు గడువు తీరినా, అమెరికాలో ఉండనిచ్చే ఐ-94 పత్రం గడువు ఉంటే, కెనడాకో మెక్సికోకో వెళ్లి 30 రోజుల్లోపు తిరిగి రావడానికి ఒక సడలింపు ఉంది. కరీబియన్ దీవులకు ఆ సడలింపు ఎఫ్, జె వీసాల మీద ఉన్నవాళ్లకే వర్తిస్తుంది, హెచ్-1బికి వర్తించదు. బహామాస్‌లోనో జమైకాలోనో ఆగే ఓడ ఎక్కి, చేతిలో ఐ-797 ఆమోదపత్రం ఉంది కదా అనుకుంటే తిరుగు ప్రయాణంలో చిక్కుల్లో పడతారు.

ఇంకో మాట. క్రూజ్‌కు వెళ్లొస్తే అమ్మానాన్నలు అమెరికాలో ఉండే ఆర్నెల్ల గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందని కొందరు చెబుతుంటారు. దగ్గరి దీవులకు అలా కొద్ది రోజులు వెళ్లొస్తే సాధారణంగా పాత గడువే కొనసాగుతుంది. కొత్త గడువు వస్తుందన్న లెక్కతో తిరుగు విమానం తేదీ జరపకండి.

అపోహ: "మనం రాకుండా ఓడ ఎట్లా పోతుంది? పది నిమిషాలు ఆగదా?"

వాస్తవం: ఆగదు. రేవులో ఓడ నిలిచే సమయానికి కంపెనీ అద్దె కడుతుంది, తర్వాతి రేవుకు వేళకు చేరాలి. ఓడ కదిలే సమయం ఒకటి, అందరూ లోపల ఉండాల్సిన సమయం ఒకటి. రెండోది మొదటిదానికన్నా అరగంటో, ఇంకా ముందో ఉంటుంది. మీరు గుర్తుపెట్టుకోవలసింది ఈ రెండోదే.

క్రూజ్ కంపెనీ దగ్గర కొన్న టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. ఆగలేకపోతే తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత కంపెనీ తీసుకుంటుంది. బయట టాక్సీ మాట్లాడుకుని వెళితే ధర తగ్గుతుంది కానీ, ఆలస్యమైతే విమానం ఖర్చుతో సహా భారం మీదే. దూరం వెళ్లే టూర్లు ఓడలోనే కొనండి. రేవు పక్కనే ఉన్నవి సొంతంగా చూడండి. బహామాస్ రాజధాని నాసౌలో ఊరి నడిబొడ్డుకు, పోర్టో రికోలోని సాన్ హువాన్‌లో పాత కోట వీధులకు ఓడ దిగి నడిచే పోవచ్చు. వాటికి టూర్ టికెట్ దండగ.

అసలు మోసం జరిగేది సెల్‌ఫోన్ గడియారంతో. జమైకా గానీ, మెక్సికోలోని కొజుమెల్ గానీ వేసవిలో గడియారం ముందుకు జరపవు. మయామీ జరుపుతుంది. జూలైలో మయామీ నుంచి వచ్చిన ఓడ మయామీ సమయాన్నే పాటిస్తుంటే, ఓడలో నాలుగు కొట్టేసరికి మీ ఫోన్ మూడే చూపిస్తుంది. నాలుగున్నరకు లోపలుండాలన్న మనిషి "ఇంకా గంటన్నర ఉందిలే" అని కొబ్బరిబొండం తాగుతూ కూర్చుంటాడు. కొన్ని ఓడలు స్థానిక సమయానికి మారతాయి, కొన్ని మారవు. అందుకే చేతికి మామూలు గడియారం పెట్టుకుని, దిగేముందు ఓడలోని గడియారంతో సరిచూసుకోండి.

అపోహ: "మన ఎండ చూసినోళ్లకు ఆ ఎండ ఒక లెక్కనా అబ్బా!"

వాస్తవం: ఆ ఎండా ఈ ఎండా ఒకే సూర్యుడిది కావడమే కాదు, దాదాపు ఒకే అక్షాంశానిది కూడా. కడప 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటే, మార్టినిక్ రాజధాని ఫోర్-ద-ఫ్రాన్స్ 14.6 మీద ఉంది. కర్నూలు 15.8. డొమినికా, గ్వాడెలూప్ దీవులు దానికి చెరో పక్క. ఏప్రిల్ చివర, మళ్లీ ఆగస్టు నడుమ ఈ చోట్లన్నిటా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు.

తేడా గాలిలో ఉంది. మే నెలలో కడప 42 డిగ్రీలు దాటితే, ఆ దీవులు 32 దగ్గరే ఉంటాయి. సముద్రపు గాలి ఆగకుండా వీస్తుంది కాబట్టి ఒళ్లు కాలుతున్నట్టే తెలియదు. మన ఎండ మనిషిని నీడకు తరుముతుంది. అక్కడి ఎండ హాయిగా కూర్చోబెట్టి కాలుస్తుంది. ఇసుక, నీళ్ల మీద నుంచి తిరిగొచ్చే కిరణాలు టోపీ కిందికి కూడా చేరతాయి. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఒంట్లో నీళ్లు మాత్రం పోతూనే ఉంటాయి. నల్లని చర్మం కమలదన్నది కూడా అపోహే. కొంచెం ఆలస్యంగా కమలుతుంది, అంతే.

వెడల్పు అంచు టోపీ, పొడుగు చేతుల పల్చటి చొక్కా, నీళ్ల సీసా, సన్‌స్క్రీన్ తప్పనిసరి. సన్‌స్క్రీన్ కొనేటప్పుడు డబ్బా మీద చదవండి. పగడపు దిబ్బలకు హాని చేస్తుందని ఆక్సీబెంజోన్ ఉన్నవాటిని అరూబా, అమెరికన్ వర్జిన్ దీవులు నిషేధించాయి. జింక్ ఆక్సైడ్ రకం తీసుకుంటే చింత లేదు.

అపోహ: "తిరుమల మెట్లెక్కినాం, అహోబిలం కొండెక్కినాం. వాళ్ల టూర్లు మనకొక లెక్కా?"

వాస్తవం: ఎక్కే శక్తి ఒకటి, జారే రాయి మీద నిలబడే ఒడుపు ఒకటి. జమైకాలోని డన్స్ రివర్ జలపాతాన్ని చూడండి. సుమారు 180 మీటర్ల పొడవున సున్నపురాయి అంచెలంచెలుగా దిగి సముద్రంలో కలుస్తుంది. యాత్రికులు చేయీ చేయీ పట్టుకుని, కాళ్ల మీదుగా నీళ్లు ఉరుకుతుంటే కిందినుంచి పైకి ఎక్కుతారు. ముందున్నవారు జారితే వెనకవారూ కదిలిపోతారు. మోకాళ్లు నొచ్చేవారికి ఇది తగదు. పక్కనే మెట్లదారి ఉంది. పిల్లలు నీళ్లలో ఎక్కుతుంటే పెద్దవాళ్లు మెట్ల మీదుగా వస్తూ చూడొచ్చు.

ప్రతి టూర్ వివరణలోనూ ఎంత నడక, ఎన్ని మెట్లు, ఎంత శ్రమ అన్నది రాసి ఉంటుంది. ధర కన్నా ముందు అది చదవండి. గ్రాండ్ కేమన్ లాంటి చోట పెద్ద ఓడ ఒడ్డుకు రాదు. నడి నీళ్లలో ఆగితే చిన్న పడవల్లోకి దిగి ఒడ్డు చేరాలి. చేతికర్రతో నడిచేవారు ఆ సంగతి ముందే తెలుసుకోవాలి.

పెద్దవాళ్లకు తగినవీ చాలా ఉన్నాయి. బెలుం గుహల్లో వంగి, చెమటోడ్చి నడిచినవాళ్లకు బార్బడోస్‌లోని హారిసన్స్ కేవ్ బాగా నచ్చుతుంది. అదీ సున్నపురాయి గుహే, కానీ లోపలికి ట్రామ్‌లో కూర్చోబెట్టి తీసుకుపోతారు.

అపోహ: "ఈత రానోళ్లకు క్రూజ్ దండగ." దీనికి జోడీ: "బావిలో ఈదినోడికి సముద్రం లెక్క లేదు."

వాస్తవం: రెండూ తప్పే. అడుగున అద్దమున్న పడవలో కూర్చుంటే ఒళ్లు తడవకుండానే పగడాలూ చేపలూ కనిపిస్తాయి. కోటలు, తోటలు, బజార్లు ఎలాగూ ఉన్నాయి. ఈత రాకపోతే పోయేదేమీ లేదు.

ప్రమాదం ఈత వచ్చినవాళ్లకే ఎక్కువ. సీమలో చాలామంది దిగుడుబావిలో ఈత నేర్చినవాళ్లు. బావిలో నీళ్లు కదలవు, నాలుగడుగులు వేస్తే గట్టు అందుతుంది. సముద్రంలో అల తిరిగి వెళ్లే చోట నీటి లాగుడు మనిషిని లోపలికి తీసుకుపోతుంది. దానికి ఎదురీదితే అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా ఈది పక్కకు తప్పుకోవాలి. ఎర్రజెండా ఎగురుతున్న చోట నీళ్లలోకి దిగకండి. చీరతోనో, నూలు చుడీదార్‌తోనో లోతుకు పోకండి. తడిసిన గుడ్డ కాళ్లకు చుట్టుకుంటుంది.

అపోహ: "విమానంలో మాదిరి తూకం లేదంట. రైస్ కుక్కర్ కూడా పెట్టుకుందాం."

వాస్తవం: తూకం పట్టింపు తక్కువే, కానీ గది చిన్నది. రైస్ కుక్కర్, కరెంటు కెటిల్, ఇస్త్రీపెట్టె, కాయిల్ హీటర్ వంటివి మంటల భయంతో ఓడల్లో నిషేధం. స్కానింగ్‌లో దొరికితే పక్కన పెట్టేస్తారు.

పెద్ద పెట్టెలను రేవులోనే కూలీకి అప్పగిస్తాం. గది నంబరు చీటీ కట్టిన ఆ పెట్టె గది ముందుకు చేరేసరికి ఒక్కోసారి సాయంత్రమవుతుంది. అందుకే పాస్‌పోర్ట్, మందులు, కళ్లద్దాలు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. పాస్‌పోర్ట్ పెద్ద పెట్టెలో పడితే ఓడే ఎక్కలేరు. నగలు పిల్లల ఇంట్లో దాచి రండి.

చాలామందికి తెలియనిది ఇంకొకటి: సైనికుల దుస్తుల రంగు, అదే కామోఫ్లాజ్ డిజైన్ బట్టలు బార్బడోస్, జమైకా, ట్రినిడాడ్ వంటి దేశాల్లో పౌరులు వేసుకోవడం నేరం. మనవడి నిక్కరైనా, భుజాన వేసుకున్న సంచీ అయినా అంతే.

అపోహ: "శాకాహారులకు పస్తే."

వాస్తవం: సంగటి దొరకదు కానీ పస్తుండే అవసరం లేదు. టికెట్ తీసినప్పుడే శాకాహారమని నమోదు చేయించి, మొదటి రాత్రే భోజనశాల పెద్దకు మరోసారి చెప్పండి. ఓడల సిబ్బందిలో మన దేశస్థులు చాలామంది ఉంటారు. అన్నం, పప్పు, కూర అడిగి చేయించుకోవచ్చు. ఇంట్లో వండినవి చాలా ఓడలు లోపలికి రానివ్వవు. సీలు ఉన్న పొడులు, బిస్కెట్ల ప్యాకెట్లయితే సాధారణంగా ఫర్వాలేదు. ఓడలోని పండ్లు, వంటకాలు మాత్రం సంచిలో వేసుకుని దీవిలో దిగకూడదు. చెట్ల తెగుళ్లు సోకుతాయని వ్యవసాయ తనిఖీలు ఉంటాయి.

దిగాక కూడా దారులున్నాయి. జమైకాలో రాస్తఫారీ మతస్థులు తినే 'ఐటల్' వంట శాకాహారమే. ట్రినిడాడ్‌లో 'డబుల్స్' అని అమ్ముతారు. పసుపు కలిపిన రెండు మెత్తటి బారా రొట్టెల నడుమ శనగల కూర, మీద చింతపండు పచ్చడి, మిరపకాయ కారం. 'బారా' అన్న పేరు మన వడకు దగ్గరి చుట్టమే.

అపోహ: "అమెరికాలో ఇన్సూరెన్స్ తీసుకున్నాం, చాలు."

వాస్తవం: అమ్మానాన్నల కోసం తీసుకునే విజిటర్ పాలసీల్లో కొన్ని అమెరికా దాటితే వర్తించవు, కొన్ని పరిమితంగానే వర్తిస్తాయి. ఓడలో డాక్టర్ ఉంటాడు. బిల్లు అక్కడికక్కడే కట్టాలి. హెలికాప్టర్‌లో ఒడ్డుకు చేర్చవలసి వస్తే ఖర్చు భారీగా ఉంటుంది. పాలసీలో ఓడ ప్రయాణం, అత్యవసర తరలింపు ఉన్నాయో లేదో చదివించుకోండి. బీపీ, షుగర్ మాత్రలు స్ట్రిప్పులతో, డాక్టర్ చీటీతో, రెండు మూడు రోజులు అదనంగా పెట్టుకోండి.

ఓడ ఊగుడు గురించి భయం మాత్రం తగ్గించుకోవచ్చు. పెద్ద ఓడలకు ఊపు తగ్గించే రెక్కలుంటాయి. కింది అంతస్తుల్లో, ఓడ నడిమిలో గది తీసుకుంటే ఇంకా తక్కువ. వాంతుల మాత్ర వేసుకునేముందు, గ్లకోమా గానీ ప్రోస్టేట్ సమస్య గానీ ఉంటే డాక్టర్‌ను అడగండి. చేతులు సబ్బుతోనే కడగండి. ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు.

జూన్ నుంచి నవంబర్ దాకా అక్కడ తుపాన్ల కాలం. మనవాళ్లు వెళ్లేదీ ఆ రోజుల్లోనే. ఓడ తుపాను దారికి ఎదురెళ్లదు, దారి మార్చుకుంటుంది. మారితే మీరనుకున్న దీవి తప్పిపోవచ్చు. బయట టూర్ కొనేవారు డబ్బు వాపసు నియమం ముందే చూసుకోవాలి.

అపోహ: "ఆడ మనకు తెలిసిందేముంటుంది? బీచే కదా."

వాస్తవం: సీమవాళ్లకు అక్కడ తెలిసినవే ఎక్కువ. డొమినికా కొండల మీద ఏటా 5,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడితే, అరూబాలో పడేది 500లోపే. అనంతపురం కన్నా తక్కువ. కొండలున్న దీవి తేమగాలిని ఆపి వాన కురిపించుకుంటుంది, చదునైన దీవి మీదుగా ఆ గాలి దాటిపోతుంది. అరూబా పొలిమేరలో ముళ్లచెట్లు, రాళ్లగుట్టలు, కలబంద కనిపిస్తాయి. ఆ దేశపు రాజముద్రలోనూ కలబంద ఉంది. కరువునేల మీద మనుషులు ఎలా నిలదొక్కుకున్నారో చూడాలంటే మనకు ఇంతకన్నా మంచి షోర్ ఎక్స్‌కర్షన్ లేదు. మన గుట్టల మీది సీతాఫలం పుట్టినిల్లు కూడా ఆ ప్రాంతమే.

మనుషులూ పరాయివాళ్లు కారు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల పనికి కలకత్తా, మద్రాసు, పుదుచ్చేరి, కారైకల్ రేవుల నుంచి కూలీలను ఒప్పందం మీద తీసుకుపోయారు. 1845లో 'ఫతెల్ రజాక్' ఓడ ట్రినిడాడ్ చేరింది. 1853లో 'ఒరేలీ' మార్టినిక్ చేరింది. దక్షిణ రేవుల నుంచి వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. గ్వాడెలూప్‌లోని కాపెస్తెర్-బెల్-ఓ దగ్గర మారియమ్మ కొలువైన షాంజీ ఆలయం వాళ్ల వారసులదే. క్రికెట్ ప్రేమికులు బార్బడోస్‌లో దిగితే, 2024 జూన్ 29న భారత్ టీ20 ప్రపంచకప్ గెలిచిన కెన్సింగ్టన్ ఓవల్ రేవుకు దగ్గర్లోనే ఉంది.

టికెట్ తీసేముందే అమ్మానాన్నలు పిల్లలను అడగవలసినవి ఇవి: ఏ రేవుల్లో ఆగుతుంది, ఏ రేవుకు ఏ కాగితం, మీ సొంత వీసా స్టాంపు సంగతేమిటి, ఏ టూర్‌లో ఎంత నడక, పాలసీ ఓడలో పనిచేస్తుందా. ఈ ప్రశ్నలకు జవాబు దొరికాక పెట్టె సర్దడం ఒక పూట పని. ఓడ ఎక్కాక మిగిలేది చూడడమే. ఊళ్లో ఏళ్ల తరబడి పొలానికీ పిల్లల చదువుకూ ఉన్నదంతా పెట్టిన మనుషులు కాగితాల చింత లేకుండా చూడవలసిన రోజులవి.