వలస వీసా: నిరీక్షణ, వైద్య పరీక్ష, ఇంటర్వ్యూ

జగిత్యాల జిల్లాలోని కథలాపూరు మండలంలో 'మెడికల్' అన్న మాటకు అర్థం చెప్పవలసిన పని లేదు. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాలవలెనే ఇక్కడి పల్లెల నుండి కూడ 1970 దశకం మొదలుకొని మగవారు గల్ఫు దేశాలకు పనికి వెళ్తున్నారు. ప్రయాణానికి ముందు ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు, రక్తం తీసుకుంటారు. తరువాత 'ఫిట్' అనో 'అన్‌ఫిట్' అనో ఒక్క మాట వస్తుంది. రెండవ మాటయే వచ్చినదా, వడ్డీకి తెచ్చిన డబ్బు, ఏజెంటు ఇచ్చిన ఆశ ఒక్క దినంలో పోతాయి. అందువలన దగ్గు ఉన్నవాడు దగ్గును దాచుకొంటాడు. పూర్వం క్షయకు మందులు వాడినవాడు ఆ కాగితాలను ఇంటిలోనే వదలి వెళ్తాడు. పాత క్షయమచ్చ ఎక్స్‌రేలో కనిపించినంత మాత్రాన అన్‌ఫిట్ అనడం గల్ఫు దేశాల నిబంధన. కనుక వాని భయం నిరాధారమైనదని అనలేము.

ఇటీవలి కాలంలో ఇవే ఇళ్ళకు మరొక మెడికల్ ఎదురవుతున్నది. అమెరికాలో స్థిరపడి పౌరసత్వం పొందిన అన్నయో, చెల్లెలో, కొడుకో, లేక భర్తయో, ఇక్కడి తమవారిని శాశ్వత నివాసానికి పిలిపించుకొనే వలస వీసాకు సంబంధించినది అది. ఈ రెండింటికీ పేరు ఒకటే కాని స్వభావం వేరు. మొదటిదానిలో అలవడిన దాపరికం రెండవదానిలో మేలు చేయదు సరికదా, తీరని కీడు చేయగలదు. శ్రోతలు ఈ భేదాన్ని గుర్తించాలన్నదే ఈ ప్రసంగోద్దేశం. అయితే వైద్యుని గుమ్మం చేరేలోపల నడవవలసిన దారి చాల పొడుగు. ముందుగా దానిని చూద్దాం.

1946 నాటి చట్టం ప్రకారం భారతదేశం నుండి అమెరికాకు వలసపోదగినవారి సంఖ్య ఏడాదికి 100. 1965 అక్టోబరు 3వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సన్, న్యూయార్కు రేవులోని స్వేచ్ఛా విగ్రహం పాదాలచెంత, కొత్త చట్టంపై సంతకం చేసినాడు. పుట్టిన దేశాన్నిబట్టి కోటా విధించే పాత పద్ధతి పోయి, కుటుంబ బంధుత్వానికీ వృత్తి నైపుణ్యానికీ ప్రాధాన్యం వచ్చినది. నేటి ఏర్పాటుకు పునాది అదే.

ఈ ఏర్పాటులో బంధువులు రెండు తరగతులు. పౌరుని భార్య లేక భర్త, 21 ఏండ్లు నిండని పెండ్లికాని పిల్లలు, తల్లిదండ్రులు మొదటి తరగతి. వీరికి సంఖ్యాపరిమితి లేదు. కాగితాలు నడవడానికి పట్టే కాలమే వీరి నిరీక్షణ. తక్కినవారందరూ వరుసలో నిలువవలసినవారే. పౌరుల అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65,000 వీసాలు. వారి వెంట వచ్చే భార్యాభర్తలు, పిల్లలు కూడ ఈ లెక్కలోనివారే. పైగా ఏ ఒక్క దేశానికీ మొత్తంలో నూటికి 7కు మించి ఇవ్వరాదన్నది నియమం. జనాభా ఎక్కువైన మన దేశానికి ఇది ఇరుకైన ద్వారం. 2025లో ఈ ద్వారం ముందుకు వచ్చినవారు 2006లో పిటిషను వేయించుకొన్నవారు. ఆనాడు ఒడిలో ఉన్న బిడ్డ ఈనాడు డిగ్రీ పూర్తిచేసి ఉంటుంది.

వరుసలో మన స్థానాన్ని నిర్ణయించేది అమెరికా ఇమిగ్రేషను కార్యాలయానికి మన బంధువు పిటిషను చేరిన తేదీ. దానిని ప్రాధాన్య తేదీ అంటారు. ప్రతి నెల అమెరికా విదేశాంగ శాఖ ప్రకటించే వీసా బులెటిన్ అనే పట్టికలో ఏ తేదీ వరకు పిలుపు వచ్చినదో ఉంటుంది. ఆ తేదీ ఒక నెల ముందుకు జరుగుతుంది, మరొక నెల కదలదు, ఒక్కొక్కప్పుడు వెనుకకు కూడ పోతుంది. దీనిని డబ్బిచ్చి జరిపించగల ఏజెంటు కోరుట్లలో లేడు, హైదరాబాదులో లేడు, అసలు ఎక్కడనూ లేడు.

ఇంతకాలం నిలిచి ఉండే వరుసలో మనుష్యుల జీవితాలు నిలిచి ఉండవు గదా. అన్నిటికంటె బాధ కలిగించేది పిల్లల వయస్సు. తల్లిదండ్రుల వెంట వెళ్ళడానికి పిల్లలు 21 ఏండ్లలోపువారు, పెండ్లికానివారు అయి ఉండాలి. 2002లో వచ్చిన ఒక చట్టం కొంత ఊరట కలిగించినది. పిటిషను ఆమోదం పొందేవరకు కార్యాలయంలో పడి ఉన్న కాలాన్ని బిడ్డ వయస్సులోనుండి తీసివేస్తారు. ఉదాహరణకు, 2006లో వేసిన పిటిషను 2010లో ఆమోదం పొందినదనుకొందాం. 2025లో వరుస వచ్చేనాటికి తమ్మునికి 22 ఏండ్లు. 4 తీసివేయగా 18, వెళ్ళవచ్చును. అక్కకు 25 నిండినవి. 4 తీసివేసినా 21, వెళ్ళరాదు. ఒకే ఇంటిలో, ఒకే కాగితం మీద పేర్లున్న ఇద్దరిలో ఒకరు ప్రయాణం కట్టుకొంటారు, మరొకరు ఇంటి తాళంచెవులు పుచ్చుకొంటారు. ఈ లెక్కను ఆఖరునాడు కాన్సులేటులో విని నిర్ఘాంతపోవడంకంటె, ముందే ఇంటిలో కూర్చుండి వేసుకొనడం మేలు. వరుస వచ్చిన ఏడాదిలోపల దరఖాస్తు చేసినవారికే ఈ సౌకర్యం అన్నది కూడ మరువరాదు.

పెండ్లి సంగతి ఇంకను సున్నితమైనది. పౌరుడు కాక, గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్న తండ్రి తన కుమార్తెకు పిటిషను వేసినాడనుకొందాం. ఆయనకు పౌరసత్వం రాకముందే ఆమె వివాహం జరిగితే ఆ పిటిషను తనంత తానే రద్దవుతుంది. తరువాత విడాకులు వచ్చినా తిరిగి బ్రతకదు. తండ్రి పౌరుడైన పిమ్మట పెండ్లి అయితే పిటిషను చావదు, మరొక వరుసలోకి మారుతుంది. మంచి సంబంధం వచ్చినది, ముహూర్తం దాటిపోతున్నదని తొందరపడే పెద్దలకు ఈ భేదం తెలిసి ఉండవలె. వీసా కొరకు పిల్ల పెండ్లి ఏండ్ల తరబడి ఆపడం న్యాయమా అన్నది ఏ చట్టమూ చెప్పని ప్రశ్న. ఆ నిర్ణయంలో ఆ పిల్లకే మొదటి మాట ఉండాలని నా అభిప్రాయం.

ఇక కాగితాలు. వరుస దగ్గరపడినప్పుడు న్యూహాంప్‌షైరు రాష్ట్రంలోని నేషనల్ వీసా సెంటరు వీటిని కోరుతుంది. చిరునామా, ఈమెయిలు మారితే దానికి తెలియజేస్తూ ఉండాలి. పిలుపు వచ్చిన తరువాత ఏడాదిపాటు ఉలుకూ పలుకూ లేకుంటే దరఖాస్తును రద్దు చేయవచ్చును. మనవారికి చిక్కు వచ్చేది పేర్లలో. ఇంటిపేరు పదవ తరగతి మెమోలో ఒక్క అక్షరమై, పాసుపోర్టులో పూర్తిగా విప్పబడి, ఆధార్‌లో చివరకు చేరుతుంది. ఊళ్ళ చిరునామాలు సైతం మారినవి. 2006 నాటి పిటిషనులో కథలాపూరు ఆంధ్రప్రదేశ్‌లోని కరీంనగరు జిల్లాలోది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం, 2016 అక్టోబరు 11న జగిత్యాల జిల్లా ఏర్పడినవి. ఊరు కదలలేదు, జిల్లా మారినదని అడిగినప్పుడు చెప్పగలిగితే చాలును. అప్పట్లో పుట్టుకను నమోదు చేయించనివారు, నమోదు లేదన్న ధ్రువపత్రాన్ని సంబంధిత కార్యాలయం నుండి పొంది, పుట్టుక సంగతి ఎరిగిన పెద్దల ప్రమాణపత్రాలను దానికి జతచేయవలె.

గల్ఫులో పనిచేసి వచ్చినవారికి మరొక పని ఉన్నది. 16 ఏండ్ల వయస్సు దాటిన తరువాత ఏ పరదేశంలోనైనా 12 నెలలు గాని అంతకు మించి గాని నివసించి ఉంటే, ఆ దేశపు పోలీసు ధ్రువపత్రం కావలె. పదేండ్ల క్రిందట వదలివచ్చిన దుబాయి నుండి ఇప్పుడు కాగితం తెప్పించడం రెండు దినాల పని కాదు. పాత పాసుపోర్టులను, వీసా ముద్రలున్న పుటలను పారవేయక భద్రపరచుకొన్నవారు ధన్యులు.

ఇప్పుడు వైద్య పరీక్షకు వద్దాం. దీనిని ఏ డాక్టరు పడితే ఆ డాక్టరు చేయరాదు. కాన్సులేటు ఆమోదించిన వైద్యులే చేయవలె. హైదరాబాదులో అట్టివారున్నారు. ఇంటర్వ్యూ తేదీ తెలిపే లేఖ వచ్చిన తరువాతనే వెళ్ళవలె. ముందుగా చేయించుకొంటే నిశ్చింత అనుకొనరాదు. ఏలననగా పరీక్ష సాధారణంగా 6 నెలలవరకే చెల్లుతుంది, కొన్ని సందర్భాలలో ఇంకను తక్కువ. వీసా గడువు కూడ దానిని మించి ఉండదు.

పరీక్షలో వైద్యుడు ముఖ్యంగా చూచేది క్షయను. 15 ఏండ్లు నిండినవారికి ఛాతీ ఎక్స్‌రే తప్పదు. 2 ఏండ్లు దాటిన పసివారికి కూడ క్షయ సంబంధమైన రక్త పరీక్ష ఉంటుంది. ఎక్స్‌రేలో అనుమానమేదైనా కనిపిస్తే, వరుసగా మూడు దినాలు తెమడ తీసుకొని, దానిలోని క్రిములను ప్రయోగశాలలో పెంచి చూస్తారు. ఇక్కడనే కుటుంబాలు కలవరపడతాయి, ఫలితానికి సుమారు 8 వారాలు పట్టవచ్చును గనుక. ఈ ఆలస్యానికి కారణం ఎవరి కుట్రయు కాదు. సాధారణమైన సూక్ష్మక్రిములు అనేకం అరగంటలోపల ఒకటి రెండవుతాయి. 1882లో రాబర్టు కాక్ కనుగొన్న ఈ క్షయక్రిమికి అదే పనికి దాదాపు ఒక దినం కావలె. అది పెరగలేదని నమ్మకంగా చెప్పడానికి వారాలు ఆగక తప్పదు.

గల్ఫు మెడికల్‌కూ దీనికీ ఉన్న భేదం ఇక్కడ బయటపడుతుంది. పాత మచ్చ ఉండి, తెమడలో క్రిములు లేవని తేలితే వీసా ఆగదు; అమెరికా చేరిన తరువాత అక్కడి ఆరోగ్యశాఖవారు మరల చూస్తారు. క్రిములు ఉన్నవని తేలితే చికిత్స చేయించుకొనవలె. సాధారణమైన క్షయకు 6 నెలల మందులు. నయమైనదని రుజువైన తరువాత దారి తిరిగి తెరుచుకొంటుంది. అనగా ఇక్కడ 'అన్‌ఫిట్' అన్నది చివరి మాట కాదు. కాని పూర్వం క్షయ వచ్చిన సంగతిని దాచి, అది తరువాత బయటపడితే, వ్యాధి తేని అనర్హత అబద్ధం తెస్తుంది. ముఖ్యమైన విషయంలో తప్పు చెప్పినవారిని వీసాకు శాశ్వతంగా అనర్హులను చేసే నిబంధన అమెరికా చట్టంలో ఉన్నది. దానికి మినహాయింపు దొరకడం కష్టం. కనుక పాత ఎక్స్‌రేలు, సర్కారు దవాఖానలో మందులు వాడిన కార్డు మొదలైనవి తప్పక వెంట తీసుకొనిపోవలె. బీడీలు చుట్టే ఇళ్ళలో దగ్గును ఎవరూ లెక్కచేయరు. పిలుపు వచ్చేదాక ఆగక, వరుసలో ఉన్న ఏండ్లలోనే ఒకసారి పరీక్ష చేయించుకొంటే వీసాకూ మేలు, ఇంటిలోని పసివారికీ మేలు.

సిఫిలిస్, గనేరియా వంటి సుఖవ్యాధుల పరీక్షలు కూడ ఉంటాయి. ఇవియును చికిత్సతో తొలగే ఆటంకాలే. హెచ్.ఐ.వి. 2010 జనవరి నుండి ఆటంకాల పట్టికలో లేదు. వయస్సునుబట్టి పొంగు, ధనుర్వాతం మొదలైన టీకాలు వేస్తారు. కోవిడ్ టీకా నియమం 2021లో వచ్చి 2025లో తొలగిపోయినది. గర్భిణులు ఎక్స్‌రేను ప్రసవానంతరం వరకు వాయిదా కోరవచ్చును. మధుమేహం, రక్తపు పోటు అంటువ్యాధులు కావు గనుక ఆ పట్టికలో లేవు. అయితే వైద్యపు ఖర్చును భరించే శక్తి కుటుంబానికి ఉన్నదా అని అధికారి విచారించవచ్చును. 2025 నవంబరులో వెలువడిన ఆదేశాలు ఈ విచారణకు మరింత బరువును ఇచ్చినవి. పిలిపించుకొనేవారి ఆదాయం, వచ్చేవారితో కలిపి లెక్కించిన కుటుంబానికి అక్కడి పేదరికపు రేఖపై నూటికి 125 వంతులైనా ఉండవలెనన్న షరతు ఎలాగూ ఉన్నది.

ఇంటర్వ్యూ హైదరాబాదులో కాదు. మన దేశంలో కుటుంబ వలస వీసాల ఇంటర్వ్యూలు ఎక్కువగా ముంబైలోని అమెరికా కాన్సులేటులో జరుగుతాయి. బొంబాయి ఈ ప్రాంతానికి కొత్త ఊరు కాదు. సిరిసిల్ల నేతపనివారు భీవండి మగ్గాలకు, గల్ఫు ప్రయాణికులు విమానాలకు ఎన్నో ఏండ్లుగా ఆ దారి త్రొక్కినారు. అక్కడ కుడిచేయి ఎత్తి సత్యమే చెప్తామని ప్రమాణం చేయిస్తారు. తరువాత ప్రశ్నలు కొన్నే. పిలిపించినవారు మీకు ఏమవుతారు, ఏమి చేస్తున్నారు, మీరు ఇంతకుముందు ఏయే దేశాలలో ఉన్నారు అన్నట్టివి. ఏజెంటు వల్లెవేయించిన జవాబులకంటె, తెలిసిన సంగతిని తెలిసినట్లు చెప్పడం తేలిక. ఏదైనా కాగితం తక్కువైతే 221-జి అనే చీటీ ఇస్తారు. అది చూచి ఏడ్చుకొంటూ బస్సు ఎక్కినవారు ఉన్నారు. అది తుది నిరాకరణ కాదు. అడిగినదానిని ఏడాదిలోపల సమర్పిస్తే విచారణ కొనసాగుతుంది.

వీసా ముద్ర పడిన తరువాత ప్రయాణపు క్రమంలోనూ ఒక నియమం ఉన్నది. పిటిషను ఎవరి పేర వచ్చినదో ఆ వ్యక్తి ముందుగా గాని, తక్కినవారితో కలిసి గాని అమెరికాలో దిగవలె. పంట చేతికి వచ్చేదాక తండ్రి ఆగి, పిల్లల చదువు కొరకు తల్లిని, పిల్లలను ముందు పంపుదామని అనుకొంటారు. పిటిషను తండ్రి పేర ఉంటే ఆ ప్రయాణం సాగదు. తండ్రి ఒకసారి వెళ్ళి దిగి, మరల పసుపు తవ్వే కాలానికి తిరిగి రావలసి ఉంటుంది.