నేల తుడిచే గుడ్డే శాలువా: ఆల్విన్ ఐలీ వేదికపై వెలుగు, రంగు, వస్తువు

ఆధునిక నృత్యం అనగానే దేహం, కదలిక, సంగీతం గురించి మాట్లాడుకుంటాం. లైటింగ్‌నూ, రంగులనూ, నర్తకుల చేతిలోని వస్తువులనూ అలంకారం కింద జమకట్టి వదిలేస్తాం. కానీ తరతరాలుగా అవమానాలు పడ్డ మనుషులు వేదిక ఎక్కినప్పుడు, వాళ్లు ఎలా కనిపించాలి, వాళ్ల చేతిలోని వస్తువుకు ఏ అర్థం ఉండాలి అన్నది చాలావరకు వీటితోనే తేలుతుంది. అమెరికా నల్లజాతి నృత్య దర్శకుడు ఆల్విన్ ఐలీ రెండు రచనల ద్వారా ఈ విషయాన్ని వివరించే ప్రయత్నం చేస్తున్నాం.

ఐలీ 1931లో టెక్సాస్ రాష్ట్రంలోని రోజర్స్‌లో పుట్టారు. జాతి వేర్పాటు చట్టబద్ధంగా సాగుతున్న కాలం అది. పత్తి ఏరి, ఇళ్లల్లో పనులు చేసి తల్లి ఒంటరిగా ఆయన్ని పెంచింది. 1958లో ఆయన న్యూయార్క్‌లో సొంత బృందం పెట్టారు. చిన్నప్పుడు చూసిన నల్లవాళ్ల చర్చి, అక్కడ విన్న పాటలు 1960 నాటి 'రెవెలేషన్స్'కు ముడిసరుకు అయ్యాయి.

మూడు భాగాలు, మూడు రంగులు

మొదటి భాగంలో మట్టి రంగు దుస్తులు. నర్తకులు ఒకరికొకరు ఆనుకుని ముద్దగా నిలబడతారు. పైనుంచి పడే వెలుగులోకి చేతులు రెక్కల్లా చాస్తారు. బరువు కిందికి లాగుతోందనీ, చూపు పైకే ఉందనీ మాట లేకుండానే తెలుస్తుంది.

రెండో భాగం బాప్తిస్మం. అందరూ తెలుపులోకి మారతారు. పొడవాటి నీలం, తెలుపు వస్త్రాలను వేదికకు అడ్డంగా పట్టి అలల్లా ఊపితే అదే నది. ఒక పెద్ద తెల్ల గొడుగు ఊరేగింపును నడిపిస్తుంది. పెద్ద సెట్టింగుల అవసరమే రాలేదు.

మూడో భాగంలో పసుపు గౌన్లు, టోపీలు, విసనకర్రలు, స్టూళ్లు వస్తాయి. అది ఆదివారం చర్చి. వారమంతా ఇతరుల పొలాల్లో, ఇళ్లల్లో నిలబడి చాకిరీ చేసిన ఆడవాళ్లు ఇక్కడ తమ స్టూలు మీద తాము కూర్చుని, తమకు తామే విసురుకుంటారు. ఆ వస్తువుల్లోని గౌరవం అదే.

పక్క నుంచి వెలుగు

ఎదురుగా కొట్టే వెలుగు దేహాన్ని చదును చేసి చూపిస్తుంది. పక్కల నుంచి వేస్తే కండరాలు, ఒంపులు స్పష్టంగా కనిపిస్తాయి. అందుకే నృత్యంలో పక్క దీపాలకు అంత ప్రాధాన్యం. నల్లటి తెర ముందు నల్లటి దేహం కలిసిపోకుండా నిలవాలంటే పక్కనుంచీ వెనకనుంచీ వచ్చే వెలుగు మరీ అవసరం. తెల్ల చర్మాన్నే కొలమానంగా పెట్టుకుని దీపాలు అమర్చితే నల్ల నర్తకి ముఖం చీకట్లో ఉండిపోతుంది. ఆ తప్పు ఆమె రంగుది కాదు, దీపం అమర్చినవారి చూపుది.

ఒకే గుడ్డ

1971లో ఐలీ తన తల్లి పుట్టినరోజు కానుకగా 'క్రై' రూపొందించారు. నల్లజాతి స్త్రీలందరికీ, ముఖ్యంగా తల్లులకు అంకితమిచ్చారు. దాదాపు 16 నిమిషాలు జుడిత్ జేమిసన్ ఒక్కరే వేదికపై ఉన్నారు. తెల్లటి దుస్తులు, చేతిలో పొడవాటి తెల్ల గుడ్డ. ఆ గుడ్డతోనే ఆమె మోకాళ్ల మీద నేల రుద్దుతుంది. ఆ గుడ్డే తర్వాత ఆమె ఒంటి మీద శాలువా అవుతుంది. గుడ్డ మారలేదు, దాన్ని పట్టుకున్న మనిషి నిలబడింది.

ఇది మనకు కొత్త అనుభవం కాదు. మాదిగల చేత చావుకూ చాటింపుకూ వెట్టిగా కొట్టించిన డప్పు, 1994లో మొదలైన దండోరా ఉద్యమంలో ఆత్మగౌరవ చిహ్నమైంది. చాటింపును సూచించే మాటే ఉద్యమం పేరైంది.

అయితే డప్పును స్టేజీ ఎక్కించినంత మాత్రాన అర్థం మారిపోదు. అతిథుల స్వాగతానికి వాయించి పక్కకు తప్పుకోమంటే అది పాత వెట్టికి కొత్త దీపాలు పెట్టడమే. అందుకే క్యాంపస్‌లలో, సభల్లో ప్రదర్శన తయారుచేసే మిత్రులు రిహార్సల్ దశలోనే మూడు ప్రశ్నలు వేసుకోవాలని మా సూచన: ఈ వస్తువు అర్థాన్ని ఎవరు నిర్ణయించారు? ప్రదర్శన ముగిసేసరికి ఆ అర్థం కదిలిందా? వెలుగు ఎవరి ముఖం మీద పడుతోంది?