పిల్లల జ్వరము, దద్దురు: కవాసాకీ వ్యాధిని గుర్తించు విధము

(పురపాలక, తాలూకా ఉద్యోగుల యుపయోగార్థము)

1. పిల్లలకు జ్వరముతో ఒడలిపై దద్దురు లేచినచో “అమ్మవారు పోసినది” అని యెంచి, వేపమండలు కట్టి, వైద్యునికి చూపకుండు ఆచారము నేటికిని కొన్నిచోట్ల కలదు. మశూచికము లోకమునుండి నిర్మూలమైనట్లు 1980లో ప్రకటింపబడినది. తట్టు, ఆటలమ్మ నిలిచియున్నవి. ఈ రెండింటిలో చేరక, దద్దురు మాసిన పిమ్మటను గుండెకు హాని నిలుపు వ్యాధి మరియొకటి కలదు.

2. జపాను శిశువైద్యుడగు తొమిసాకు కవాసాకీ దీనిని 1961లో గమనించి, 1967లో 50 మంది రోగుల వృత్తాంతముతో ప్రకటించెను. ఇది విశేషముగా అయిదేండ్లలోపు పిల్లలకు వచ్చును. కారణము ఇంకను నిర్ణయింపబడలేదు. ఒకరినుండి యొకరికి అంటునట్లు కానరాదు. ఇందు రక్తనాళముల గోడలు వాచును. చికిత్స జరుగనిచో నూటికి ఇంచుమించు 25 మందికి గుండెకు రక్తమునిచ్చు ధమనులు బుడగలవలె ఉబ్బును.

3. లక్షణములు: 5 దినములు, లేక అంతకు మించిన జ్వరము, దానితో ఈ క్రిందివానిలో నాలుగు.

(అ) పుసి కట్టకయే రెండు కండ్లు ఎర్రబడుట.
(ఆ) పెదవులు ఎర్రబడి పగులుట. నాలుక కెంపెక్కి గరుకుదేరుట.
(ఇ) ఒడలిపై దద్దురు.
(ఈ) అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి వాచుట.
(ఉ) మెడ ప్రక్క 1.5 సెంటీమీటర్లకు తక్కువగాని బిళ్ల కట్టుట.

బి.సి.జి. టీకా మచ్చ మరల ఎర్రబడుటయు నొక సూచన.

4. ఇవి యన్నియు నొక్కమారు కానరావు. ఒకటి తగ్గిన పిదప వేరొకటి పుట్టవచ్చును. కావున తల్లి చెప్పిన ప్రతి లక్షణమును తేదీతో వ్రాసికొనవలెను. ఆరుమాసములలోపు శిశువులకు లక్షణములు కొలదిగనే యుండినను అపాయ మధికము. వ్రేళ్లకొనల చర్మము ఊడుట రెండవ, మూడవ వారములలో కలుగును, దానికొరకు వేచియుండరాదు.

5. తట్టునందు దగ్గు, జలుబు ముందు వచ్చి, దద్దురు ముఖమునను చెవుల వెనుకను ఆరంభించి క్రిందికి దిగును. గాజుగ్లాసుతో నొక్కినను మాయని మచ్చలు జ్వరముతో కనబడినచో, అది మెదడుపొరలను, రక్తమును చెరచు వేరొక వ్యాధి కావచ్చును. ఆ గడియలోనే ఆసుపత్రికి పంపవలెను. కోవిడ్ సోకిన 2 మొదలు 6 వారములకు జ్వరము, దద్దురు, కడుపునొప్పి, వాంతులు, సొమ్మసిల్లుట కలిగినచో అదియు నట్లే. ఇట్టి వ్యాధి 2020లో మొదట గుర్తింపబడినది.

6. కవాసాకీ వ్యాధికి ఇమ్యూనోగ్లోబ్యులిన్ అను ఔషధమును రక్తనాళములోనికి ఎక్కింతురు. జ్వరము మొదలైన 10 దినములలోపల ఇచ్చినచో ధమనుల హాని నూటికి ఇంచుమించు నలుగురికి తగ్గును. వైద్యుని యాజ్ఞలేక పిల్లలకు ఆస్పిరిన్ ఈయరాదు.

7. కావున జ్వరము అయిదవ దినమును చేరిన పిల్లలయందు పై లక్షణములలో రెండు మూడు కానవచ్చినను, నాలుగవదానికై నిరీక్షింపక, తేదీల పట్టికతో శిశువైద్యుడు గల ఆసుపత్రికి పంపవలెను. పట్టికయందు జ్వరము మొదలైన తేదీని మొదట వ్రాయవలెను. చికిత్సకు గడువు ఆ దినమునుండియే లెక్కింపబడును.